అధివాస్తవికుల కథ – 7: చుక్కల్లో చుట్టరికం

గత భాగాన్ని 1923 జూలై 6 రాత్రి ప్యారిస్‌లోని మిషెల్ థియేటర్లో ఆపాం. ట్రిస్టన్ జారా ఏర్పాటు చేసిన డాడా సభలో ఆంద్రే బ్రెటన్ వేదికెక్కి చేతికర్రతో పియెర్ ద మసో చెయ్యి విరగ్గొట్టాడు. పోలీసులు వచ్చారు. వాళ్లు వెళ్లాక పాల్ ఎల్యువార్ జారా మీద కలబడ్డాడు. డాడాకు అదే దాదాపు ఆఖరి రాత్రి. మరుసటి ఏడాది అక్టోబరులో బ్రెటన్ తొలి మానిఫెస్టో అచ్చయింది. 'సర్రియలిజం' (అధివాస్తవికత) అనే మాటను 1917లో పుట్టించినవాడు అపొలినేర్. 1924 అక్టోబరులోనే ఇవాన్ గోల్ అనే ఇంకో కవి కూడా అదే పేరుతో తన ప్రకటన వెలువరించాడు. అయినా జెండా బ్రెటన్ చేతికే వచ్చింది. తర్వాతి రోజుల్లో మన శ్రీశ్రీని, శ్రీరంగం నారాయణబాబుని ఊపేసిన గాలి ఇక్కడినుంచి వీచిందే.

ఈ భాగంలో ఆ కర్ర పట్టుకున్న నాయకుడి జాతకం చూద్దాం. మాటవరసకు అనడం లేదు, నిజంగా జాతకమే. బ్రెటన్ తన చక్రం, మిత్రుల చక్రాలు తన చేత్తోనే గీసేవాడు. దేవుణ్ణి ఒప్పుకోడు. ఫాదర్లను చూస్తే ఒళ్లు మండిపోయేది. కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. అలాంటి మనిషి శని ఎక్కడున్నాడు, యురేనస్ ఎక్కడుంది అని లెక్కలు కట్టాడు. తన పుట్టినరోజునే ఒక రోజు వెనక్కి జరిపాడు కూడా.

మొదట పుట్టుక సంగతి. నార్మండీ ప్రాంతంలో తాంష్‌బ్రే అనే చిన్న ఊరు. ఇనప సామాను తయారీకి పేరున్న ఊరు. అక్కడ 1896 ఫిబ్రవరి 19న బ్రెటన్ పుట్టాడు. తండ్రి జాండార్మ్, అంటే మన లెక్కలో ఠాణా పోలీసు. తర్వాత ఆ కొలువు మానేసి ప్యారిస్ శివారు పాంతాన్‌లో గాజు సామాను కర్మాగారంలో గుమాస్తాగా చేరాడు. తల్లి మహా కటువు మనిషి.  పొగగొట్టాల నీడలో, చాలీచాలని గుమాస్తా జీతంలో, నవ్వు వినపడని ఇంట్లో పెరిగాడు పిల్లవాడు. పెద్దయ్యాక తన బాల్యం గురించి ఆట్టే మాట్లాడేవాడు కాదు. తల్లి గురించి అయితే మరీ పొదుపు.

ఫ్రాన్సులో జాతకాలు చూసేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. విప్లవం తర్వాత 1792లో జనన మరణాల లెక్క చర్చి చేతిలోంచి మునిసిపల్ కచేరీకి మారింది. బిడ్డ పుట్టిన తేదీతో పాటు గంట కూడా రిజిస్టరులో రాయడం అక్కడ మామూలైపోయింది. మన ఇళ్లలో తాతయ్యలు పంచాంగం అంచున పెన్సిల్‌తో రాసిపెట్టుకునే వివరం అక్కడ సర్కారు దస్తావేజులో ఉంటుంది. ఆ ముచ్చటను చివరిదాకా లాగినవాళ్లూ ఉన్నారు. పాల్ షువానార్ అనే మాజీ సైనికాధికారి, మంచి గణితం చదువుకున్నవాడు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే జ్యోతిషాన్ని గణాంకాలతో రుజువు చేస్తానని కూర్చున్నాడు. 1950ల్లో మిషెల్ గోక్లాన్ ఊరూరా మునిసిపల్ రిజిస్టర్లు తిరగేసి వేలకొద్దీ జనన సమయాలు పోగేశాడు. బ్రెటన్ చదివినది షువానార్ పుస్తకాలు. సోది చెప్పేవాళ్ల జోస్యం కాదు, లెక్కల జోస్యం. ఆయన స్వభావానికి అదే నచ్చింది.

ఇప్పుడు ఆ ఒక్క రోజు తేడా సంగతి. తాంష్‌బ్రే రిజిస్టరులో ఫిబ్రవరి 19 అని స్పష్టంగా ఉంది. 1930ల మధ్యనుంచి బ్రెటన్ మాత్రం 18 అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు, ఆ తేదీతోనే చలామణీ అయ్యాడు. ఎందుకు జరిపాడన్నదాని మీద ఫ్రెంచి పరిశోధకులు పుస్తకాలే రాశారు. చాలామంది వేలు జ్యోతిషం వైపే చూపిస్తుంది. పాశ్చాత్యులు వాడే సాయన పద్ధతిలో 1896లో సూర్యుడు కుంభం వదిలి మీనంలో అడుగుపెట్టింది సరిగ్గా ఫిబ్రవరి 19న, తెల్లవారకముందే. అంటే 19న పుట్టినవాడు మీనరాశివాడు. 18న పుట్టినవాడు కుంభంలో ఆఖరి మెట్టు మీద ఉన్నవాడు. ఐరోపా జ్యోతిషుల దృష్టిలో మీనం కలలు కనే, కరిగిపోయే, లోకానికి తలవంచే రాశి. కుంభం తిరుగుబాటుదారు. దానికి పాత అధిపతి శని, కొత్త అధిపతి యురేనస్. ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ వస్తాయి.

మన సిద్ధాంతి ఎవరినైనా అడిగితే ఈ గొడవకు నవ్వేస్తాడు. మన నిరయన లెక్కలో రవి మీనంలోకి వెళ్లేది మార్చి మధ్యలో. ఫిబ్రవరి 18 అయినా 19 అయినా రవి కుంభంలోనే ఉంటాడు. బ్రెటన్ అంత శ్రమ పడనక్కర్లేదు, రిజిస్టరు జోలికి పోకుండానే తిరుగుబాటుదారు అయిపోయేవాడు. కాకపోతే మనవాళ్లు చూసేది రవిని కాదు, చంద్రుణ్ణి. ఒక రోజు జరిపితే జన్మనక్షత్రం దాదాపు ఖాయంగా మారిపోతుంది, దాంతో దశలన్నీ మారతాయి. ఒక లెక్కలో సరిపోయినది ఇంకో లెక్కలో చెడుతుంది.

అసలు ఈ మనిషి ఇటువైపు ఎలా వచ్చాడు? యుద్ధం తెచ్చింది. 1913లో వైద్య కళాశాలలో చేరినవాణ్ణి 1915లో సైన్యంలోకి లాక్కున్నారు. 1916 వేసవిలో సాన్ దిజియేలోని సైనిక మానసిక చికిత్సాలయానికి పంపారు. వెర్దన్ పోరు నడుస్తున్న ఏడాది అది. కందకాల నుంచి మతిచెడిన సైనికులు బళ్ల మీద వచ్చేవాళ్లు. వాళ్లలో ఒకడికి యుద్ధం అంతా నాటకమే. గుండ్లు ఉత్తుత్తివి, గాయాలు రంగు పూసినవి, శవాలు శవాగారాల నుంచి తెచ్చి రాత్రిపూట పొలాల్లో పరిచినవి. గుండ్ల వర్షంలో కందకం గట్టు మీద నిలబడి వేలితో దారి చూపించేవాడట. తనకేమీ కాలేదు కాబట్టి అంతా బూటకమని వాడికి రుజువైపోయింది. ఇరవయ్యేళ్ల వైద్య విద్యార్థి ఆ మాటలు రాసుకున్నాడు. పిచ్చివాడి మాటలో ఇంత పటిష్ఠమైన కట్టు ఉంటే, తెలివిగలవాడి మనసు అడుగున ఇంకేం ఉందో అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. 1921లో వియన్నా వెళ్లి ఫ్రాయిడ్ తలుపు తట్టాడు. ఫ్రాయిడ్ ముక్తసరిగా మాట్లాడి పంపేశాడు. బ్రెటన్ చిన్నబుచ్చుకుని ఆ పెద్దాయన గురించి ఎకసెక్కంగా ఓ చిన్న వ్యాసం రాశాడు. అయినా ఫ్రాయిడ్‌ను వదల్లేదు.

1922 జనవరిలో మోమార్త్ర్ కొండ కింద, 42 ర్యూ ఫోంతేన్ ఇంట్లోకి దిగాడు. చనిపోయేదాకా, అంటే 1966 దాకా, అదే చిరునామా. ఆ సెప్టెంబరు నెలాఖరులో ఆ గదిలో 'నిద్రలు' మొదలయ్యాయి. రెనె క్రెవెల్ ఎక్కడో సముద్రతీరంలో ఒక మీడియం దగ్గర ఈ విద్య పట్టుకొచ్చాడు. దీపం ఆర్పి, బల్ల చుట్టూ కూర్చుని, చిటికెన వేళ్లు తగిలేలా చేతులు పెట్టేవాళ్లు. క్రెవెల్ సోలిపోయి ఏవేవో హత్యా కథలు పలికేవాడు. రొబేర్ దెస్నోస్ అయితే కళ్లు మూసుకుని ప్రశ్నలకు కవితల్లో జవాబులు రాసేవాడు. అది నిద్రా, నటనా అన్న తగువు ఈనాటికీ తెగలేదు. ఒక రాత్రి చీకటి నడవాలో కోటు కొక్కేల దగ్గర కొందరు ఉరివేసుకోబోతూ దొరికారు. ఇంకోసారి దెస్నోస్ కత్తి పట్టుకుని ఎల్యువార్‌ను తోటలో తరిమాడు. బ్రెటన్ ఆ ఆట కట్టిపెట్టాడు. ఇక్కడొక మాట చెప్పాలి. చచ్చినవాళ్లు వచ్చి మాట్లాడతారన్నది బ్రెటన్ ఎన్నడూ నమ్మలేదు, ఆ సంగతి అప్పుడే అచ్చులో పెట్టాడు. ఆత్మలు వద్దు, ఆ ఊగిపోయే వాక్కు మాత్రం కావాలి. మిఠాయి తిని పొట్లం పారేసే తెలివి అది.

1925 అక్టోబరులో తమ పత్రికలో సోది చెప్పేవాళ్లకు ఒక బహిరంగ లేఖ రాశాడు. చదువుకున్నవాళ్లు వెక్కిరించే ఆ ఆడవాళ్లను కవుల పక్కన నిలబెట్టిన లేఖ. ర్యూ దెజ్యుజీన్‌లో మూడో నంబరు ఇంట్లో మదాం సాకో అనే భవిష్యవాదిని ఉండేది. 1928లో వచ్చిన 'నాద్జా'లో ఆవిడ ఫోటో వేసి, కింద ఇంటి నంబరుతో సహా చిరునామా వేశాడు. ఆవిడకు అంతకంటే మంచి ప్రకటన దొరికి ఉండదు.

పొద్దున రాత, మధ్యాహ్నం, సాయంత్రం కాఫీ హోటలు. ప్లాస్ బ్లాంష్‌లో మూలాన్ రూజ్ పక్కనే సిరానో అనే హోటల్లో ముఠా చేరేది. రావడం ఐచ్ఛికం కాదు. రాకపోతే ఎందుకు రాలేదో చెప్పాలి. కొత్తవాణ్ణి నలుగురూ తేరిపార చూసేవాళ్లు. ఫలానా నవల బాగుందని అజాగ్రత్తగా అన్నవాడి పని అయిపోయినట్టే. డబ్బు మాత్రం ఎప్పుడూ కటకటే. బట్టల డిజైన్లతో కోట్లు గడించిన జాక్ దూసే దగ్గర కొన్నాళ్లు బ్రెటన్ గ్రంథాలయం, చిత్రాల సలహాదారు కొలువు చేశాడు. పికాసో స్టూడియోలో చుట్టచుట్టి పడివున్న 'దెమొసేల్ దావిన్యో' చిత్రాన్ని దూసే చేత కొనిపించింది ఆయనే. ఆ ఒక్క సలహాకే చరిత్రలో చోటు దక్కాలి. దూసే కొలువు పోయాక చిత్రాలు, ఆఫ్రికా, ఓషియానియా బొమ్మలు కొని అమ్ముకుంటూ బతికాడు.

ఇంతలో రాజకీయం. 1927 జనవరిలో బ్రెటన్, అతని మిత్రులైన కవులు అరగాన్, ఎల్యువార్ కమ్యూనిస్టు పార్టీలో చేరారు. పార్టీ వీళ్లను నమ్మలేదు. బ్రెటన్‌ను గ్యాస్ కార్మికుల సెల్‌లో వేసి, ఇటలీ పరిస్థితి మీద నివేదిక ఇమ్మన్నారు. ఉక్కు ఉత్పత్తి ఎంత, అలాంటి అంకెలే ఉండాలట. సిద్ధాంతం మాత్రం ఎత్తకూడదట. తనవల్ల కాలేదని ఆయనే రాసుకున్నాడు. శని గమనం లెక్కగట్టగలిగినవాడికి ఇటలీ ఉక్కు లెక్క కొరుకుడుపడలేదు.

1929 నాటికి ముఠాలో పగుళ్లు పూడ్చలేనంత అయ్యాయి. సూపో, ఆర్తో, విత్రాక్ అప్పటికే బయట. ఆ మార్చిలో బార్ ద్యు షాతో అనే చోట పిలిచిన సమావేశం విచారణగా మారింది. పెళ్లి కూడా చెడింది, భార్య సిమోన్‌తో విడాకుల తగువు నడుస్తోంది. ఆ చేదంతా కలంలోకి దిగింది. డిసెంబరు 15న పత్రిక పన్నెండో సంచిక, అదే ఆఖరి సంచిక, రెండో మానిఫెస్టోతో వచ్చింది. తెగ తిట్టాడు. ఆర్తోను, మసోన్‌ను, సూపోను, విత్రాక్‌ను, నిన్నటిదాకా నిద్రలో కవితలు చెప్పిన దెస్నోస్‌ను, ఎన్నడూ ముఠాలో లేని జార్జ్ బతాయ్‌ను కూడా. ఒక్కొక్కడి మీదా ఒక్కొక్క నేరారోపణ. దెస్నోస్ నేరం పత్రికల్లో ఉద్యోగం చేయడం. తిండికోసం కదా అని అడిగే ధైర్యం అక్కడెవరికీ లేదు.

ఈ వెలివేతల పత్రంలోనే, అడుగున చిన్న అక్షరాల్లో, జాతకం వస్తుంది. 1896 నుంచి 1898 దాకా శని, యురేనస్ గ్రహాలు కలిశాయని, నలభై అయిదేళ్లకోసారి గానీ ఆ కలయిక రాదని, అరగాన్, ఎల్యువార్, తాను ముగ్గురూ దాని కింద పుట్టినవాళ్లమని రాశాడు. షువానార్ మాటలు ఉదహరించి, శాస్త్రాల మీద మక్కువ, రహస్యాన్వేషణ, తెలుసుకోవాలన్న తపన దాని ఫలాలని చెప్పాడు. సర్రియలిజం ఇక గుట్టుగా లోలోపలికి వెళ్లాలన్న పిలుపు కూడా ఈ మానిఫెస్టోలోనే ఉంది.

వెలివేయాల్సినవాళ్ల జాబితా పొడుగవుతుంటే ఉండాల్సినవాళ్లు ముగ్గురే మిగిలారు. స్నేహంతో కట్టింది తెగుతోంది, పార్టీతో కట్టింది ముడి పడలేదు. చుట్టరికాన్ని చుక్కల్లో వెతుక్కున్నాడని నా ఉద్దేశం. చుక్కలు రాజీనామా ఇవ్వవు కదా.

లెక్క కూడా కొంచెం సాగదీసిందే. ఎల్యువార్ పుట్టింది 1895 డిసెంబరు 14న. బ్రెటన్ రాసిన గడువుకు రెండు వారాల ముందే. రెండు గ్రహాలూ వృశ్చికంలో నిజంగా ఒకే బిందువు దగ్గర కలిసింది 1897లో, మూడుసార్లు. ఆఖరుసారి సెప్టెంబరులో. ముగ్గురిలో ఆ కలయికకు అతి దగ్గరగా పుట్టినవాడు అరగాన్, 1897 అక్టోబరు 3న. అతని పుట్టుకదే ఇంకో కథ. తండ్రి లూయీ ఆంద్రియో ప్యారిస్‌కు ఒకప్పటి పోలీసు ప్రిఫెక్టు, పెళ్లయినవాడు. అందుకని పిల్లవాడికి కన్నతల్లిని అక్క అని, అమ్మమ్మను పెంచిన తల్లి అని, తండ్రిని జ్ఞానస్నానపు పెద్ద అని చెప్పి పెంచారు. 1917లో యుద్ధానికి బయల్దేరేముందు గానీ నిజం చెప్పలేదు. గ్రహాలు ఎంత కచ్చితంగా కలిసినా ఆ ఇంట్లో వరసలన్నీ తారుమారే.

ఇక మన యురేనస్. నవగ్రహాల్లో లేని గ్రహం, 1781లో విలియం హెర్షెల్ దుర్భిణిలో చిక్కింది. అమెరికా, ఫ్రాన్సు విప్లవాల కాలంలో కనపడింది గనుక విప్లవకారకుడన్న పేరు దానికి ఐరోపా జ్యోతిషులు తగిలించారు. నియమాలకు, జాప్యాలకు శని, తెగింపుకు యురేనస్. రెండూ కలిసినవాడు ఎలా ఉంటాడంటే, తిరుగుబాటును సైతం హాజరుపట్టీ పెట్టి నడుపుతాడు. జ్యోతిషం మీద నాకు నమ్మకం లేదు గానీ, సిరానో హోటల్ సంగతి చూశాక ఈ ఫలం మాత్రం కాదనలేకపోతున్నాను.

వెలివేసినవాళ్లు ఊరుకోలేదు. నెల తిరిగేసరికి, 1930 జనవరి 15న, 'శవం' అనే నాలుగు పేజీల కరపత్రం ప్యారిస్‌లో చేతులు మారింది. అదే పేరుతో 1924లో ఆనతోల్ ఫ్రాన్స్ చనిపోయినప్పుడు ఆయన మీద కరపత్రం వేసింది ఈ ముఠాయే. ఇప్పుడు శవం బ్రెటన్. ముందు పేజీలో ఆయన ఫోటో, కళ్లు మూసి, నెత్తిన ముళ్లకిరీటం. అప్పటికి ఆయన వయసు ముప్పై మూడు, సిలువెక్కేనాటి క్రీస్తు వయసు. ఫోటో వాళ్లకు వెతుక్కునే పని లేకపోయింది. బ్రెటన్ మానిఫెస్టో వచ్చిన సంచికలోనే మాగ్రీట్ గీసిన స్త్రీ చుట్టూ పదహారుమంది అధివాస్తవికులు కళ్లు మూసుకున్న ఫోటోలు వేశారు. ఆయన పాచికతోనే ఆయన్ని పడేశారు. దెస్నోస్, ప్రెవేర్, కెనో, లెరిస్, బతాయ్ వంటివాళ్లంతా సంతకాలు పెట్టారు. తిట్లలో ఫాదరు, పోలీసు రెండూ ఉన్నాయి. పోలీసు కొడుక్కి ఆ మాట ఎక్కడ తగిలిందో ఊహించవచ్చు.

తర్వాత బ్రెటన్ ఏమీ మారలేదు. చక్రాలు గీస్తూనే ఉన్నాడు. తాను ఆరాధించే కవులకు చుక్కలు చూడటమూ మానలేదు. 1939లో అధివాస్తవికులు చేరిన 'మినోటార్' పత్రికలో డాక్టర్ పియెర్ మబీల్ కవి లోత్రియామో జాతకం మీద వ్యాసం వేశాడు. 1940–41 చలికాలంలో నాజీల నుంచి పారిపోతూ మార్సేయ్‌లో ఓడకోసం ఎదురుచూసినప్పుడు, అందరూ కూర్చుని పేకముక్కల కట్టే కొత్తగా తయారు చేశారు. ప్రేమ, కల, విప్లవం, జ్ఞానం అని నాలుగు రంగులు. కలకు గుర్తు నల్లని నక్షత్రం. ఆ కథకు మనం ఇంకా చాలా భాగాల దూరంలో ఉన్నాం.

ప్రస్తుతానికి 1930లోనే ఉందాం. చుక్కల కింద కలిసిన ముగ్గురిలో ఎల్యువార్ 1938 దాకా నిలిచాడు. కలయికకు అందరికంటే దగ్గరగా పుట్టిన అరగానే అందరికంటే ముందు జారాడు. 1928 చివర్లో ఒక రష్యన్ స్త్రీ, ఎల్సా త్రియోలే, అతని జీవితంలోకి వచ్చింది. 1930 శరత్తులో ఆమెతో కలిసి రైలెక్కి సోవియట్ దేశం వెళ్లాడు. ఖార్కోవ్‌లో విప్లవ రచయితల మహాసభ. బ్రెటన్ తరఫున మాట్లాడి వస్తానని వెళ్లినవాడు అక్కడొక కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ కాగితంలో రెండో మానిఫెస్టో తప్పని ఉంది. తిరిగొచ్చాక ర్యూ ఫోంతేన్ మెట్లెక్కి ఆ సంగతి ఎలా చెప్పాడో, అతని ఒక కవిత మీద ఫ్రాన్సు ప్రభుత్వం పెట్టిన కేసులో అతనికోసం బ్రెటనే ఎందుకు కలం పట్టాల్సి వచ్చిందో వచ్చే భాగంలో.